పాలు అంటే వంతు కూడా

పోయిన వేసవిలో అవనిగడ్డ దగ్గర మా ఊళ్ళో అమ్మ ఆవకాయ కలుపుతోంది. చెన్నైలో పుట్టి పెరిగిన మా అమ్మాయి పక్కన కూర్చుని గిన్నెతో కారం కొలిచి ఇస్తోంది. "పాళ్ళు తప్పకూడదమ్మా. ముక్కలు నాలుగు గిన్నెలైతే కారం ఒకటి, ఆవపిండి ఒకటి, ఉప్పు కాస్త వెలితిగా ఒకటి" అంది అమ్మ. పిల్ల చెయ్యి ఆపేసి, "అమ్మమ్మా, ఇందులో పాలు కూడా పోస్తారా?" అని అడిగింది.

అమ్మ నవ్వలేదు. "పాలంటే వంతు కూడానే తల్లీ" అని చెప్పి మళ్ళీ పనిలో పడింది. నాకు మాత్రం ఆ మాట ఆ రోజంతా బుర్రలోనే తిరిగింది.

వినడానికి ఒకటే అయినా ఈ రెండూ వేరు మాటలు. తాగే పాలు ఎప్పుడూ బహువచనమే: పాలు విరిగాయి, పాలు పొంగాయి. వంతుకి పాలు ఏకవచనం, పాళ్ళు బహువచనం. విభక్తి చేరితే తేడా ఇంకా తేటగా తెలుస్తుంది. పాలలో నీళ్ళు కలుస్తాయి, పొలం మాత్రం నా పాలికి వస్తుంది. కన్నడంలో అయితే చిక్కే లేదు, తాగేవి హాలు, వాటా పాలు. తమిళంలో రెండూ పాల్. తమిళుల ప్రాచీన నీతిగ్రంథం తిరుక్కురళ్‌లోని మూడు భాగాల పేర్లూ 'పాల్'తోనే ముగుస్తాయి: అఱత్తుప్పాల్, పొరుట్పాల్, కామత్తుప్పాల్. స్కూలు ఫారంలో ఆడా మగా అని అడిగేచోట 'పాలినం' అని ఉంటుంది. మా అమ్మాయి చిన్నప్పటి నుంచీ చూస్తున్న మాటే అది. ఆడ పాలు, మగ పాలు, మనుషుల్లో రెండు భాగాలన్నమాట. పగలడం, పంచడం అనే మాటలు కూడా ఈ కుదురువేనని చెబుతారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 'పాలివాళ్ళు'. పాలు పంచుకోవలసినవాళ్ళు కాబట్టి పాలివాళ్ళు. సంస్కృతం నుంచి వచ్చిన దాయాది అన్నా అదే, దాయం, అంటే వారసత్వపు ఆస్తి, అందుకునేవాడు. చుట్టరికాన్ని రక్తంతో కాకుండా వాటాతో చెప్పిన మాటలివి. మా నాన్న, బాబాయి పంపకాలు చేసుకున్నప్పుడు రాయించిన భాగపరిష్కార దస్తావేజు మా బీరువాలో ఉంది. అందులో ఎ షెడ్యూలు, బి షెడ్యూలు, హద్దులు, సెంట్లు, అన్నీ 'భాగము' అనే రాశారు. ఇంట్లో ఎవరూ అలా అనలేదు. "కాలవగట్టు చెక్క నీ పాలు, చెరువు పక్కది తమ్ముడి పాలు" అంది నానమ్మ.

భాగం సంస్కృతం, భజ్ ధాతువు, పంచడమనే అర్థం. భాగ్యం కూడా అక్కడి నుంచే వచ్చింది. అంటే మన వంతుకి వచ్చిందే మన భాగ్యం. పారసీకం నుంచి మనకొచ్చిన బక్షీసుకీ దీనికీ దూరపు చుట్టరికం ఉంది. తెలుగు పాలులో కూడా ఈ రాత అనే అర్థం ఉంది. "నా పాలిట దేవుడు" అంటాం. అప్పులపాలు, నవ్వులపాలు, నీళ్ళపాలు అంటాం. ఈ మాటల్లో అప్పూ నీళ్ళూ కూడా మనతోపాటు వాటా అడిగేవాళ్ళలాగే కనిపిస్తాయి నాకు. 1977 నవంబరు 19న మా దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు చేలన్నీ కోతకొచ్చి ఉన్నాయి. ఆ ఏటి పంట సంగతి ఎప్పుడడిగినా నాన్నది ఒకటే జవాబు, "సముద్రంపాలయింది." అంతకుమించి ఒక్క మాట చెప్పేవాడు కాదు. చిన్నప్పుడు నాకది మామూలు మాటలాగే వినిపించేది. ఏడాది కష్టం మొత్తం ఎవరి వంతుకి పోయిందో అందులో ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

మూడో రోజు ఆవకాయ తిరగకలిపి జాడీల్లోకి ఎత్తాం. నాకొకటి, అన్నయ్యకొకటి, అమ్మకొకటి. నాలుగో జాడీకి అమ్మ తెల్లటి గుడ్డ వాసెన కట్టి మా అమ్మాయి చేతికిచ్చింది. పంపకాలప్పుడు కట్టిన గోడకి అవతల బాబాయి వాళ్ళిల్లు.

"ఇది వాళ్ళ పాలు. జాగ్రత్తగా పట్టుకెళ్ళు" అంది.