ఎంత తినాలన్నది పాపకే వదిలేశాక

మా పాపకు 20 నెలలు వచ్చేసరికి మా ఇంట్లో ప్రతి భోజనమూ ముప్పావుగంట పెనుగులాటగా మారింది. గిన్నె పట్టుకుని నేను తన వెనకాల గది గదికీ తిరగడం, ఫోనులో బొమ్మలు చూస్తూ తను నోరు తెరిచిన క్షణంలో చెంచా లోపలికి పెట్టేయడం, ఆ ముద్దను తను నమలకుండా, మింగకుండా బుగ్గన పెట్టుకుని పది నిమిషాల తర్వాత నా అరచేతిలో ఉమ్మేయడం రోజూ జరిగేది. ఏడాది నిండేవరకు ఏది పెట్టినా ఇష్టంగా తిన్న పిల్ల ఎందుకిలా అయిపోయిందో తెలియక, లోపం నా వంటలో ఉందేమో, పెంపకంలో ఉందేమో అని ఎన్నో రాత్రులు బాధపడ్డాను. ఇప్పుడు అదే దశలో ఉన్న తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని, ఆ తర్వాతి ఎనిమిది నెలల్లో నేను తెలుసుకున్న సంగతులు రాస్తున్నాను.

ముందుగా నాకు ధైర్యం ఇచ్చింది పిల్లల డాక్టరు గారు చూపించిన ఎదుగుదల పటం. పుట్టినప్పటి బరువుకు బిడ్డ మొదటి ఏడాది చివరికి సుమారు 3 రెట్లు అవుతుంది, రెండో ఏడాదిలో మాత్రం పెరిగేది 2 నుంచి 3 కిలోలే. పొడవూ అంతే, మొదటి ఏట దాదాపు 25 సెంటీమీటర్లు పెరిగిన బిడ్డ రెండో ఏట అందులో సగమే పెరుగుతుంది. ఎదుగుదల వేగం తగ్గినప్పుడు ఆకలీ తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 6 దేశాల పిల్లల కొలతలతో తయారుచేసి 2006లో విడుదల చేసిన ప్రమాణాల పక్కన పెట్టి చూస్తే, మా పాప గీత తన దారిన తాను సక్రమంగానే సాగుతోంది. అంటే, నేను తక్కువ అనుకున్న తిండి తనకు సరిపోతూనే ఉంది.

కొత్త పదార్థాన్ని చూడగానే మొహం తిప్పుకోవడం కూడా ఈ వయసులో మామూలే. సుమారు ఏడాదిన్నర దాటాక మొదలయ్యే ఈ జంకు రెండు నుంచి ఆరేళ్ల మధ్య బాగా కనిపిస్తుంది. నడక వచ్చి, కంటికి కనిపించినదల్లా అందుకోగలిగే వయసులో, తెలియని వస్తువు నోట పెట్టుకోవడానికి వెనకాడటం బిడ్డకు ఒక రక్షణ అయి ఉంటుందని నిపుణులు భావిస్తారు. ఈ మాట విన్నాక, పాప నిరాకరణలో మొండితనం కాక భయం కనిపించడం మొదలైంది. భయపడే బిడ్డ నోట్లోకి బలవంతంగా చెంచా పెట్టానే అని ఇప్పటికీ నొచ్చుకుంటాను.

అమెరికాకు చెందిన పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ చెప్పిన ఒక పని విభజన నా పద్ధతిని పూర్తిగా మార్చింది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టి పెట్టాలి అన్నవి పెద్దవాళ్లు నిర్ణయించాలి. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నవి బిడ్డకు వదిలేయాలి. దీనికి చాలా ముందే, 1928లో, క్లారా డేవిస్ అనే వైద్యురాలు తన ప్రయోగం గురించి ప్రకటించారు. అప్పుడే ఘనాహారానికి అలవాటుపడుతున్న పసిపిల్లల ముందు రకరకాల పదార్థాలు ఉంచి, వాళ్లు చెయ్యి చాపినదే తినిపించమని, ఏదీ తినమని ప్రోత్సహించవద్దని నర్సులకు చెప్పారట. ఒక పూట ఒకే పదార్థం తిని, మరో పూట దాన్ని ముట్టకుండా ఆ పిల్లలు తమకు తోచినట్టు తిన్నా, ఆరోగ్యంగానే పెరిగారు. అయితే అక్కడ ఉన్న 34 పదార్థాలూ మంచి ఆహారమే, మిఠాయిలు లేవు. స్వేచ్ఛ పిల్లలకు ఇచ్చినా, ఎంపిక పెద్దల చేతిలోనే ఉందన్నమాట. ఈ రెండోదాన్ని మరచిపోతే మొదటిది పనిచేయదు.

మొదటి వారం కష్టంగా గడిచింది. మాతోపాటు బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఒక్కో ఏడాది వయసుకు ఒక పెద్ద చెంచా లెక్కన ఒక్కో పదార్థం కొంచెం కొంచెం వడ్డించి, ఫోను లోపల పెట్టేసి, చెంచా తన చేతికిచ్చాను. మొదటి రాత్రి నాలుగు మెతుకులు తిని దిగిపోయింది. "ఇంకో రెండు ముద్దలు పెట్టమ్మా, పిల్ల సగం కడుపుతో లేచింది" అన్నారు అత్తయ్య. "పొద్దున ఆకలేస్తే తనే తింటుంది అత్తయ్యా, వారం రోజులు చూద్దాం" అన్నానే గానీ, నాకూ నిద్ర పట్టలేదు. మర్నాడు ఉదయం పాప తన పళ్లెం ఖాళీ చేసి మళ్లీ పెట్టమని అడిగింది. ఆ తర్వాత రోజు మళ్లీ అంతంత మాత్రమే. అప్పటినుంచి ఒక పూటను కాకుండా వారం మొత్తాన్ని కలిపి చూడటం అలవాటు చేసుకున్నాను.

క్యారెట్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మెత్తగా ఉడికించి, వేలి పొడవున కోసిన ఒకే ఒక ముక్కను పళ్లెం అంచున ఉంచేదాన్ని. మొదటి రెండుసార్లు తీసి కింద పడేసింది. మూడోసారి చూపుడువేలితో నొక్కి, వేలికి అంటిన తడిని చాలాసేపు చూసుకుంది. తర్వాత ఒకరోజు నాలుక చివరతో తాకి వెంటనే పెట్టేసింది, మరోరోజు కొరికి ఉమ్మేసింది. నేను ఏమీ అనకుండా నా ముక్క నేను తింటూ ఉన్నాను. పదకొండోసారి, ఎవరూ చూడటం లేదనుకుని, మొత్తం తినేసింది. ఒక కొత్త రుచికి పిల్లలు అలవాటుపడటానికి 8 నుంచి 15 సార్లు పట్టవచ్చని పరిశోధకులు చెబుతారు. నేనైతే అంతకుముందు ప్రతిదాన్నీ మూడోసారికే "దీనికి ఇష్టం లేదు" అని మానేసేదాన్ని.

పాల విషయంలో నాకు తెలియక జరిగిన పొరపాటు ఒకటుంది. అన్నం తినలేదని దిగులుపడి, ఆ లోటు తీర్చడానికి సీసాతో అదనంగా పాలు పట్టేదాన్ని. పాలతో కడుపు నిండిన బిడ్డకు భోజనం వేళకు ఆకలి ఎలా వేస్తుంది? ఏడాది దాటిన పిల్లలకు రోజుకు సుమారు 500 నుంచి 700 మిల్లీలీటర్లు చాలు. పాలలో ఇనుము చాలా తక్కువ కాబట్టి, అంతకు మించి తాగేవారికి రక్తహీనత వచ్చే అవకాశం ఎక్కువ. పాలు తగ్గించి, భోజనానికీ చిరుతిండికీ మధ్య రెండున్నర, మూడు గంటలు నీళ్లు తప్ప ఏమీ ఇవ్వకపోవడంతోనే సగం సమస్య తీరింది.

"ఇది తింటే చాక్లెట్ ఇస్తా" అనడం కూడా మానేశాం. అలా అంటే చాక్లెట్ బహుమతి అవుతుంది, కూర శిక్ష అవుతుంది.

అయితే అన్ని నిరాకరణలనూ వయసు మీదికి నెట్టేయకూడదు. బరువు తగ్గుతున్నా, పెరగడం ఆగిపోయినా, మింగేటప్పుడు తరచూ పొలమారుతున్నా, తినే పదార్థాలు రోజురోజుకూ తగ్గి చేతి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలినా, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. అలాగే, పిల్లల చేతికే తిండి ఇచ్చేటప్పుడు గొంతుకు అడ్డుపడే గింజలు, కోయని ద్రాక్షపళ్లు, పచ్చి క్యారెట్ ముక్కలు నాలుగేళ్ల లోపు వద్దు. తింటున్నంతసేపూ పెద్దవాళ్లు పక్కనే కూర్చోవాలి.

పాపకిప్పుడు 28 నెలలు. భోజనం ఇరవై నిమిషాల్లో ముగుస్తోంది. చాలనిపిస్తే పళ్లెం నా వైపు జరుపుతుంది, నేను తీసేస్తాను. కోడిగుడ్డు మాత్రం ఇంతవరకు నోట పెట్టలేదు. నిన్న తెల్లసొన ముక్కను వేళ్లతో చిదిమి వాసన చూసింది. ఈ రాత్రికీ ఒక చిన్న ముక్క పళ్లెం అంచున పెడతాను.