నాలుగో నెలలో వచ్చేవాళ్ళు

టీబీ అని తేలిన మొదటి వారంలో మా ఇంటికి చేరిన సరుకు: ఆపిల్ కవర్లు నాలుగు, బ్రెడ్డు ప్యాకెట్లు ఐదు, హార్లిక్స్ సీసాలు మూడు. నాలుగో నెల మొదటి వారంలో వచ్చినవి రోజుకు రెండు ఉడకబెట్టిన గుడ్లు, పొద్దున్నే ఒక మిస్డ్ కాల్. నన్ను నిలబెట్టినవి ఈ రెండోవే. మాది గుంటూరు జిల్లాలో ఒక లూథరన్ సంఘం. రోగుల్ని చూడబోవడం మాకు కొత్త కాదు, మత్తయి సువార్త 25వ అధ్యాయం సండేస్కూల్లోనే కంఠతా పట్టిస్తారు. ఎప్పుడు వెళ్ళాలో, ఏం పట్టుకెళ్ళాలో, ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. అది చెబుదామనే ఇది రాస్తున్నాను.

2025 జనవరికి దగ్గు పట్టుకుని నెల దాటింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, రాత్రి చెమటకి జాకెట్టు తడిసిపోయేది. 51 కిలోలుండేదాన్ని 43కి దిగాను. కుట్టుమిషను దగ్గర గుడ్డల నలుసు వల్లే అనుకుని దగ్గుమందు సీసాలు మారుస్తూ కూర్చున్నాను. రెండు వారాలు దాటిన దగ్గుకి సీసా మార్చడం కాదు, గళ్ళ పరీక్ష చేయించాలి. పీహెచ్‌సీలో రెండు డబ్బాలిస్తారు. ఒకటి అక్కడే, రెండోది మర్నాడు పొద్దున లేవగానే. చాలామంది ఉమ్మి పట్టి ఇచ్చేస్తారు, అందులో జబ్బు దొరక్కపోవచ్చు. నోరు నీళ్ళతో పుక్కిలించి, రెండు మూడుసార్లు గుండెల నిండా గాలి పీల్చి, లోపల్నుంచి దగ్గి చిక్కటి గళ్ళ తీయాలి. అదీ ఆరుబయట, మనుషులకి దూరంగా. మా ఆశా అమ్మాయి ఎడంగా నిలబడి, డబ్బాలోకి తొంగి చూసి, “ఇది ఉమ్మే పిన్నీ, ఇంకోసారి” అంటూ మూడుసార్లు తీయించింది. విసుక్కున్నాను కూడా. ఆ పిల్ల మా సంఘం మనిషి కాదు. దయ గురించి రాస్తూ ఆమెని వదిలేస్తే అబద్ధమవుతుంది. సీబీనాట్ యంత్రంలో పెడితే రెండు గంటల్లో ఫలితం వస్తుంది, రిఫాంపిసిన్ మందుకి జబ్బు లొంగుతుందో లేదో కూడా అందులోనే తెలుస్తుంది. నాది లొంగే రకమే.

మాత్రల లెక్క బరువుని బట్టి ఉంటుంది. 35 నుంచి 49 కిలోల వాళ్ళకి రోజుకు మూడు, 50 నుంచి 64 వాళ్ళకి నాలుగు. మొదటి రెండు నెలలు ఒక్కో మాత్రలో నాలుగు మందులుంటాయి. ఆ తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడూ ఇస్తారు. పరగడుపున అన్నీ ఒకేసారి మింగి, గంట తర్వాత టిఫిను తినాలి. వికారంగా ఉందని గ్యాసు మందు వెంటనే తాగితే ఆ మందుల్లో ఒకటైన ఐసోనియాజిడ్ ఒంటికి సరిగా పట్టదు, రెండు గంటలు ఎడం పెట్టాలి.

టీబీ గాలి ద్వారా అంటుతుంది. కంచాలు, గ్లాసులు, దుప్పట్ల వల్ల అంటదు. సరైన మందు పడితే సుమారు రెండు వారాల్లో అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. మావాళ్ళంతా వచ్చింది సరిగ్గా ఆ రెండు వారాల్లోనే! పదడుగుల గదిలో పదిహేను మంది, చలికని తలుపులు బిగించి, పాటలు, ప్రార్థన. కడుపునిండా ప్రేమే, కాదనను. కానీ నేను దగ్గుతున్న గాలే వాళ్ళూ పీల్చారు. మంచినీళ్ళిస్తే మాత్రం ఒక్కరూ ముట్టుకోలేదు. భయపడాల్సిన చోట భయం లేదు, అక్కర్లేని చోట ఉంది. రెండోరోజు పాస్టరమ్మగారు వచ్చి కిటికీలు తెరిపించి, చాపలు వేపచెట్టు కిందికి మార్పించారు. నాకు మాస్కు ఇచ్చి, నా చేతి గ్లాసుతోనే నీళ్ళు తాగారు. ఆవిడ దాని గురించి ప్రసంగమేమీ చేయలేదు. ఆ ఆదివారం నుంచి మా ఇంట్లో కాఫీ తాగడం అందరికీ మామూలైపోయింది.

ప్రభు సంస్కారం విషయంలోనూ అంతే. పాస్టరు అయ్యగారు రొట్టె, ద్రాక్షరసం ఇంటికే తెచ్చి వసారాలో ఇచ్చారు. గిన్నె వల్ల అంటుతుందని కాదు, ఫ్యాన్లు తప్ప గాలాడని హాల్లో రెండు గంటలు నన్ను కూర్చోబెట్టకూడదని. మూడో వారం దాటాక, డాక్టరు సరేనన్నాక గుడికి వెళ్ళాను, కిటికీ పక్కనే కూర్చున్నాను.

ఇంట్లో ఉంచి వైద్యం చేయడం తప్పు కాదని తేల్చింది మన పక్క మద్రాసులోనే. అంతకు ముందు టీబీ అంటే శానిటోరియమే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్ల వాళ్ళు 1915లో తెరిచింది అలాంటిదే. గాలి, ఎండ, విశ్రాంతి, పాలు, గుడ్లు, ఇవే అప్పటి మందు. మద్రాసు టీబీ కేంద్రంలో రోగుల్ని రెండు జట్లుగా చేసి, సగం మందికి ఇంటి దగ్గర, సగం మందికి శానిటోరియంలో ఏడాదిపాటు ఒకే మందులిచ్చి చూశారు. 1959లో ఫలితాలు అచ్చయ్యాయి. ఇరుకిళ్ళలో, అంతంత తిండితో ఉన్నవాళ్ళకీ నయమవడంలో పెద్ద తేడా లేదు, ఇంట్లోవాళ్ళకి జబ్బు ఎక్కువగా అంటిందీ లేదు. ఆనాటి నుంచి రోగిని చూసుకునే పని ఇంటివాళ్ళ మీద, ఇరుగుపొరుగు మీద పడింది. సంఘానికి చేతినిండా పని అక్కడే ఉంది.

తిండి సంగతి. 43 కిలోల మనిషికి ఈ జబ్బులో రోజుకు 50 నుంచి 65 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఆపిల్లో అవి దాదాపు లేవు. గుడ్డులో 6 గ్రాములు, పావులీటరు పాలలో 8, వంద గ్రాముల కందిపప్పులో 22. వీధి చివరి వదిన ఇది లెక్కేసుకుంది. రెండు గుడ్లు, ఆరు నెలలు, అంటే 360 గుడ్లు, 30 గుడ్ల అట్టలు పన్నెండు. “ఆపిళ్ళకి పెట్టిన డబ్బు ఇంతకంటే తక్కువేం కాదమ్మా” అంది. మా స్త్రీల సమాజంలో వంట చేసే ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసిపెట్టి ఆదివారం తెచ్చే అలవాటు పాతదే. ఆ బియ్యంలోంచి నెలకు ఐదు కిలోలు, పైన కొని కలిపిన కందిపప్పు రెండు కిలోలు నాకు కేటాయించారు. ఝార్ఖండ్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. రోగికి నెలకు 10 కిలోల సరుకు, ఇంట్లోవాళ్ళకి ఒక్కొక్కరికి ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చిన ఇళ్ళలో, రోగికి మాత్రమే ఇచ్చిన ఇళ్ళతో పోలిస్తే, కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. కాబట్టి రోగికి ఇచ్చే సంచిలో ఇంటివాళ్ళ వాటా కూడా ఉండాలి. లేకపోతే తల్లి తన గుడ్డు పిల్లాడికి పెట్టేస్తుంది. నేనూ పెట్టాను.

ఈస్టరుకి ముందొచ్చే శ్రమకాలం మార్చిలో వచ్చింది. నలభై రోజులూ ఒక పూట ఉపవాసం మా ఇంటి ఆచారం. మానుకోమని అయ్యగారే చెప్పారు. ఉపవాసంలో ఆ పూట భోజనం ఇంకొకరికి పెట్టాలి కదా, ఈ ఏడు ఆ ఇంకొకరు నువ్వే అనుకో అన్నారు. దీనికి ఎదురుమాట చెప్పినవాళ్ళూ ఉన్నారు. తైలం రాసి ప్రార్థన చేశాక ఇంకా మాత్రలేమిటి, విశ్వాసం లేదా అని ఒక పెద్దమనిషి అడిగాడు. దగ్గు తగ్గిన మనిషికి ఆ మాట చాలా తియ్యగా ఉంటుంది, అందుకే ప్రమాదం. యాకోబు పత్రికలో తైలం గురించి చెప్పిన చేతే, ఆకలిగొన్నవాణ్ణి ఉత్త మాటలతో పంపితే ఏం లాభమనీ రాసింది.

మందుల వల్ల వచ్చే తేడాలు చూడబోయేవాళ్ళకీ తెలిసుండాలి. మూత్రం, చెమట నారింజ రంగులోకి మారతాయి. అది రిఫాంపిసిన్ రంగే, రక్తం కాదు. మొదటి రెండు నెలలు కీళ్ళ నొప్పులు రావచ్చు. అరికాళ్ళు తిమ్మిరెక్కితే బి6 మాత్ర వేసుకుంటున్నారో లేదో చూడాలి. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, ఎరుపు, ఆకుపచ్చ రంగులు మసకగా కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. నేను దారాల రంగు చూసుకునేదాన్ని, కుట్టుపని చేసేవాళ్ళకి అదొక సుఖం. ఇంట్లో ఐదేళ్ళలోపు మనవడున్నాడు, వాడికి పరీక్ష చేసి, జబ్బు లేదని తేలాక నివారణ మందు మొదలుపెట్టారు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది మర్చిపోకుండా అడగాలి.

ఇక ఏప్రిల్ చివర. దగ్గు లేదు, జ్వరం లేదు, బరువు 48. మిషను మళ్ళీ ఎక్కాను. నయమైందని అందరూ స్తోత్రం చెప్పి ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. మాత్రలు ఆపేసేది ఇక్కడే. త్వరగా పెరిగే క్రిములు మొదటి రెండు నెలల్లో చస్తాయి. నిద్రపోతున్నట్టు పడుండే క్రిములకి మిగతా నాలుగు నెలలు కావాలి. మధ్యలో వదిలేస్తే జబ్బు తిరగబెడుతుంది, ఈసారి మందుకి లొంగకపోవచ్చు. యువజన సమాజంలో ఒక పిల్ల నాకు ఫోను చేసే పని తీసుకుంది. పొద్దున ఆరింటికి ఒక మిస్డ్ కాల్. మాత్రలు మింగి నేను తిరిగి ఇవ్వాలి. ఆరున్నరకీ నా కాల్ రాకపోతే సైకిలేసుకుని వచ్చేస్తుంది. మాట్లాడక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. మే నెల ఎండల్లో మాత్రల వాసనకే కడుపులో తిప్పుతుంటే, ఆ ఫోను మోగుతుందనే రెండుసార్లు మింగాను. లేకపోతే ఆ రెండు రోజులూ పోయేవే.

ప్రభుత్వం పోషణకిచ్చే డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు 500 కాదు, 1000. మూడు వేల చొప్పున రెండు విడతలుగా ఖాతాలో పడుతుంది. నాది పడలేదు. ఏళ్ళ తరబడి లావాదేవీ లేక ఖాతా మూగబోయింది, ఆధార్ జతకాలేదు. సంఘపెద్ద ఒకాయన రెండు పూటలు పని మానుకుని బ్యాంకులో నాతో వరసలో నిలబడ్డారు. అది కూడా రోగిని చూడబోవడమే. తెలుసుకుని వెళ్ళేవాళ్ళు ఆధార్, పాసుపుస్తకం, నిక్షయ్ నంబరు (టీబీ రోగిగా నమోదైనప్పుడు ఇచ్చేది) మూడూ పట్టుకెళ్ళాలి.

జూలై చివర ఆఖరి గళ్ళ పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. బరువు 52. తిరగబెట్టలేదని చూసుకోవడానికి ఆరు నెలలకోసారి రెండేళ్ళు పరీక్ష చేయించుకోవాలి. పక్క పేటలో ఆటో నడిపే కుర్రాడికి ఇప్పుడు మూడో నెల. గుడ్ల గిన్నె నా వంతు సోమ, గురువారాలు. మిస్డ్ కాల్ మాత్రం ఆ పిల్లే ఇస్తోంది, అతను ఐదింటికే బండి తీస్తాడు కాబట్టి నాలుగున్నరకి.