నాన్న షుగర్ మాత్రలో ఒక పంజరం

మాత్రల అట్ట వెనక చిన్న అక్షరాల్లో విల్డాగ్లిప్టిన్ 50 మిల్లీగ్రాములు అని చదివి "ఇందులో ఏముంటుందమ్మా?" అన్నారు నాన్న. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వెలగబెట్టినదాన్ని, ఊరుకుంటానా! కరెంటు బిల్లు వెనక బొమ్మ గీసేశాను.

ఆ మందు అణువుకు ఒక కొసన పది కార్బన్ల బుల్లి పంజరం ఉంటుంది. దాన్ని అడమాంటేన్ అంటారు. వజ్రంలోంచి చిన్న ముక్క తుంచి, తెగిన చోటల్లా హైడ్రోజన్ అతికిస్తే అదే. 1933లో చెకోస్లొవేకియా ముడిచమురులో దొరికింది. ల్యాబులో చేయడం మాత్రం నరకమే, 1941లో ప్రెలోగ్ అనే రసాయన శాస్త్రవేత్త చేసి చూపించాడు గానీ చేతికొచ్చిన దిగుబడి 0.16 శాతం.

1957లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో ష్లయర్ అనే ఇంకో రసాయన శాస్త్రవేత్త వేరే పని మీద ఉన్నాడు. డైసైక్లోపెంటాడయీన్ అనే చవక పెట్రోలియం సరుకుకి హైడ్రోజన్ ఎక్కిస్తే వచ్చేదాంట్లో ఒక రింగు లోపలికి ముడుచుకుని ఉంటుంది, దాన్ని బయటివైపు తిప్పుదామని అల్యూమినియం క్లోరైడ్ కలిపి వేడి చేశాడు. రింగు తిరిగింది, దాంతోపాటు తెల్లటి స్ఫటికాలు కూడా వచ్చాయి. చూస్తే అడమాంటేన్! వేసిందాంట్లో పది కార్బన్లు, పదహారు హైడ్రోజన్లు, వచ్చిందాంట్లోనూ అంతే, గూడు ఆకారం మాత్రం పూర్తిగా వేరు.

జరిగేదేమిటంటే, ఒక కార్బన్ నుంచి హైడ్రోజన్ తన ఎలక్ట్రాన్ల జంటతో సహా ఊడిపోతుంది, ఆ లోటు పూడ్చుకోవడానికి ఆ కార్బన్ పక్కవాడి బంధాన్ని లాక్కుంటుంది, ఇప్పుడు లోటు పక్కవాడిది, వాడు ఇంకొకడిది లాక్కుంటాడు... అచ్చం కుర్చీలాట. కోణాలన్నీ కార్బన్‌కి హాయిగా ఉండే 109.5 డిగ్రీల దగ్గర సర్దుకున్నాక ఇక కదలాల్సిన అవసరం ఉండదు, ఆ చోటే అడమాంటేన్. మధ్యలో దారులెన్నో 1968లో ఇద్దరు కూర్చుని లెక్కేస్తే 2897 తేలాయి. నాకైతే ఒక్క దారి గుర్తుపెట్టుకుని పరీక్షలో రాయడానికే చెమటలు పట్టాయి.

కాలేజీ ల్యాబులో ఆ సీసా మూత తీస్తే గుప్పున పూజగది వాసన. గుండ్రటి అణువు కదా, కర్పూరంలాగే కరక్కుండా ఆవిరైపోతుంది. ఆ పంజరం ఒక మూలకి ఆక్సిజన్, ఇంకో మూలకి నైట్రోజన్ తగిలించి, ఆ నైట్రోజన్‌కి మిగతా అణువు కలిపితే ఇదిగో ఈ మందు.

నాన్న అంతా ఓపిగ్గా విన్నారు. బిల్లు తిప్పి కట్టాల్సిన తేదీ చూసుకున్నారు.

"బానే ఉంది గానీ, ఇంతకీ దీన్ని టిఫిన్‌కి ముందు వేసుకోవాలా, తర్వాతా?"