ఇరవై ఐదో వరుసలో ఎర్ర చుక్క

"అన్నా, కింద నేల మీద చూడు" అంటూ తమ్ముడు ఫోన్ వంచాడు. టొరంటోలో సూపర్ మార్కెట్. అటూ ఇటూ డబ్బాల ర్యాకులు, మధ్యలో నేల మీద గుండ్రంగా ఎర్ర చుక్క. అది ఇరవై ఐదో వరుస.

ఒకప్పుడు ఐస్ హాకీ మైదానానికి అదే నడిమధ్య. ఆ బిల్డింగ్ మేపుల్ లీఫ్ గార్డెన్స్. 1931లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, ఆరు నెలలు కూడా పట్టకుండా కట్టేశారు. 1999లో అక్కడ ఆడే హాకీ జట్టు కొత్త అరేనాకు వెళ్లిపోయింది. పాత గోడలు మాత్రం కూల్చలేదు. 2011లో కింద కిరాణా తెరిచారు. పైన యూనివర్సిటీ పిల్లలు ఇప్పుడు కూడా హాకీ ఆడుతున్నారట!

నాకు మన వరంగల్ సెంట్రల్ జైలు గుర్తొచ్చింది. 2021లో పెద్దాసుపత్రి కోసం కూల్చేశారు. ఆసుపత్రి కావాల్సిందే, అందులో రెండో మాట లేదు. ప్రాణం మీదికొస్తే అంబులెన్స్‌లో హైదరాబాద్ దాకా పోయే టెన్షన్ మనందరికీ తెలుసు.

కానీ ఆ జైల్లో ఖైదీలు నేసిన జంపఖానాలు ఎంత గట్టివి! మా ఇంట్లో ఒకటుంది. నీలం, ఎరుపు చారలు. పెళ్లిళ్లకు పరిచి, ఉతికి, ఎండేసి, మళ్లీ పరిచాం. ఒక్క పోగు ఊడలేదు.

ఆ మగ్గాలున్న చోట కొత్త ఆసుపత్రిలో ఒక చిన్న రాయి పెట్టాలి. ఇక్కడ జంపఖానాలు నేసేవారు అని రాస్తే చాలు. ఆ మగ్గాల షెడ్డు ఏ మూల ఉండేదో చూసినవాళ్లు చెప్పండి, అందరం కలిసి ఒక అర్జీ పెడదాం.