అక్క క్యాసెట్ మీద నేను చేసిన పాట

పోయిన దసరాకి తెనాలి ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద బిస్కెట్ల డబ్బాలో ఒక టీడీకే క్యాసెట్ దొరికింది. ఒక వైపు అక్క చేతిరాతతో "హిందోళం - సాధకం" అని ఉంది. రెండో వైపు కూడా అదే రాత, కానీ దాన్ని బాల్‌పెన్నుతో కొట్టేసి పక్కన "303" అని రాసి ఉంది. ఆ కొట్టేసింది నేను. చూడగానే గుండె ఒక్కసారి ఆగినట్టయింది. ఆ క్యాసెట్ పోయిందని ఇరవై ఏళ్లకు పైగా అనుకుంటున్నాను. పోయిందనుకుని కొంత ఊరట కూడా పడ్డాను.

1999లో నేను విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతూ రోజూ తెనాలి నుంచి పాసింజర్‌లో వెళ్లి వచ్చేవాణ్ణి. బీసెంట్ రోడ్డులో కొన్న ఒక డ్యాన్స్ క్యాసెట్‌లో ఒక ధ్వని విన్నాను. గొంతులో నీళ్లు పోసుకుని రాగం తీస్తే ఎలా ఉంటుందో అలాంటి ధ్వని. సన్నగా మొదలై, గరగరమంటూ పైకి లేచి, కీచుమని మళ్లీ లోపలికి దిగిపోయేది. అది ఏ వాయిద్యమో తెలుసుకోవడానికి నాకు ఐదారు నెలలు పట్టింది. దాని పేరు రోలాండ్ టీబీ-303. గిటార్ వాయించుకునేవాళ్లు ఒంటరిగా సాధన చేసేటప్పుడు పక్కన బేస్ వాయించడానికని జపాన్‌లో తయారుచేసిన చిన్న వెండిరంగు పెట్టె. 1980ల మొదట్లో వచ్చింది. దాని బేస్ అసలు గిటార్‌లా అనిపించక ఎవరూ పెద్దగా కొనలేదు, 1984కల్లా తయారీ ఆపేశారు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికిన ఆ పెట్టెనే షికాగోలో ఫ్యూచర్ అనే బృందం కుర్రాళ్లు తీసుకుని, దాని నాబ్‌లు ఇష్టమొచ్చినట్టు తిప్పుతూ రికార్డు చేశారు. 1987లో 'ఆసిడ్ ట్రాక్స్' పేరుతో అది విడుదలైంది, ఆసిడ్ హౌస్ అనే సంగీతం అక్కణ్ణుంచి పెద్దదయింది. ముందు క్లబ్బులో రాన్ హార్డీ అనే డీజే దాన్ని ఒకే రాత్రి నాలుగుసార్లు వేశాడని, నాలుగోసారికి జనం ఊగిపోయారని చెప్తారు.

అంటే నా చెవిన పడేసరికే అది పాత సంగీతం. నేను వెళ్లని ఊరు, చూడని క్లబ్బు, నాకు ఎనిమిదేళ్లప్పటి రికార్డు. అయినా పాసింజర్ కిటికీ పక్కన కూర్చుని వాక్‌మన్‌లో వింటుంటే నేను ఎక్కడినుంచో దూరమైపోయినట్టు ఉండేది. ఆ దిగులుకి ఇప్పటికీ నాకు సరైన పేరు దొరకలేదు.

కాలేజీ అయ్యాక సాయంత్రాలు ఒక కంప్యూటర్ సెంటర్‌లో ల్యాబ్ చూసుకునేవాణ్ణి. స్నేహితుడు తెచ్చిన సీడీలో రీబర్త్ ఆర్‌బీ-338 ఉంది. స్వీడన్ వాళ్లు 1997లో తెచ్చిన సాఫ్ట్‌వేర్, రెండు 303లు, ఒక 808 డ్రమ్ మెషీన్ తెర మీద బొమ్మల్లా కనిపిస్తాయి. జీతం బదులు దాంతో గంటన్నర గడపనిచ్చినా చాలనుకునేవాణ్ణి. మూడు వారాల్లో ఒక పాట తయారైంది. ఇంటికి తెచ్చుకోవాలంటే టేపే దిక్కు. ఆ రోజు చేతికందిన క్యాసెట్ అక్కది. వాళ్ల టీచరుగారికి వినిపించడానికి సాధకం చేసి పెట్టుకున్నది. రెండో వైపు ఖాళీ అనుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఖాళీ కాదని నాకు తెలుసు. తర్వాత పదిహేను రోజులకి ఆ సెంటర్‌లో కంప్యూటర్లన్నీ ఫార్మాట్ చేసేశారు. ఆ పాటకి ఆ టేపు తప్ప ఇంకో కాపీ మిగల్లేదు. అక్క ఆ క్యాసెట్ కోసం ఇల్లంతా వెతికింది. నేను కూడా ఆమెతో కలిసి వెతికాను.

క్యాసెట్ హైదరాబాద్ తెచ్చాక ముందు అది ఆడలేదు. టేపుని హెడ్‌కి ఆనించే చిన్న ఫెల్ట్ ముక్క ఊడిపోయి లోపల గలగలమంటోంది. జిగురు ఎండిపోతే చాలా పాత క్యాసెట్లకి జరిగేదే ఇది. ఐదు స్క్రూలు విప్పి, రెండు చక్రాల్నీ టేపుతో సహా కదలకుండా ఎత్తి, వేరే పాత భక్తిగీతాల క్యాసెట్ పెట్టెలోకి మార్చాను. చేతులు వణికాయి. టేపు ఒక్క చుట్టు జారినా మెలిపడుతుంది. నా దగ్గరున్న టేప్ డెక్ బెల్ట్ సాగిపోయి ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో కొత్తది వేయించాను. ఆ మెకానిక్ పెద్దాయన బెల్ట్ బిగించాక క్యాసెట్ పెట్టి రెండు నిమిషాలు విని, "ఇది పాటనా, మెషీన్ ఖరాబైందా?" అని అడిగాడు. పాటేనన్నాను. "మంచిగుంది, ఇంకాస్త పెట్టు" అన్నాడు.

ఆరు నిమిషాలు నా పాట. తర్వాత టక్‌మని ఒక శబ్దం, వెంటనే శృతిపెట్టె, అక్క గొంతు. చరణం మధ్యలోంచి.

ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, ఆ పాటని మళ్లీ కట్టాలని. టేపు కాపీని శుభ్రం చేసుకుంటే సరిపోతుంది కదా అని మా ఆవిడ అడిగింది. టేపు హిస్ (సుయ్యిమనే రొద) తగ్గిస్తే ఆసిడ్ గరగర కూడా పోతోంది, రెండూ ఒకే పౌనఃపున్యాల్లో కూర్చున్నాయి. అంతకంటే ముఖ్యం, ఆ పాటలో ఇరవై ఏళ్ల కుర్రాడిగా నేనేం చేశానో నాకు తెలుసుకోవాలనిపించింది.

మొదటి చిక్కు స్పీడు. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి లెక్కపెడితే 16 బార్లకి (బారుకి నాలుగు బీట్లు) 31.7 సెకండ్లు వచ్చింది, అంటే నిమిషానికి దాదాపు 121 బీట్లు. నేను పెట్టుకున్నది 125 అని గుర్తు. టేప్ డెక్ నెమ్మదిగా తిరుగుతోందో, నా జ్ఞాపకమే తప్పో ఎలా తేల్చుకోవాలి? అక్క శృతి తేల్చింది. ఆమె అప్పట్లో ఐదున్నర శృతికి, అంటే జీ షార్ప్‌కి, పాడేది, ఎలక్ట్రానిక్ శృతిపెట్టె పెట్టుకుని. టేపులో ఆ శృతి ఐదుకీ ఐదున్నరకీ సరిగ్గా మధ్యలో ఉంది. పక్కపక్క మెట్ల మధ్య తేడా సుమారు 6 శాతం, అందులో సగం అంటే సుమారు 3 శాతం తక్కువ. రెండు రికార్డింగులూ ఆనాటి ఒకే టేప్‌రికార్డర్ మీద చేసినవి కాబట్టి ఒకదాని లెక్క రెండోదానికీ పనికొస్తుంది. ఆమె షడ్జాన్ని ఐదున్నరకి లాగేసరికి నా డ్రమ్స్ 125 దగ్గర వచ్చి నిలబడ్డాయి. నేను చెరిపేసిన టేపే నాకు సాక్ష్యం చెప్పింది.

రెండో చిక్కు అసలైనది. 303 పాటలో స్వరాలు పట్టుకోవడం కష్టమేం కాదు. పదహారు గడులు, ఒక్కో గడిలో ఒక స్వరమో ఖాళీయో. పాశ్చాత్య పేర్లలో చెప్తే నాకు దొరికినవి ఏ, సీ, డీ, ఎఫ్, జీ, ఒక్కచోట ఈ. సెకండ్‌హ్యాండ్‌లో దొరికిన ఒక బెరింగర్ టీడీ-3 కొన్నాను. అది 303కి నకలు, అసలు పెట్టె ధర ఇప్పుడు మనబోటివాళ్లకి అందదు. ఒరిజినల్‌లో లాగే ఇందులోనూ ముందు స్వరాలు వరసగా ఎక్కించాలి, ఆ తర్వాత విడిగా కాలం ఎక్కించాలి. స్వరాలన్నీ సరిగ్గానే ఎక్కించాను. వాయిస్తే చచ్చినట్టుంది. డోర్‌బెల్ లాగా ఒక్కో స్వరం విడివిడిగా కొడుతోంది. ఏడెనిమిది రాత్రులు, పిల్ల పడుకున్నాక పదింటి నుంచి పన్నెండు దాకా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని టేపుని సగం స్పీడులో వింటూ కూర్చున్నాను. ఎక్కడ స్వరం జారే స్లయిడ్ ఉందో, ఎక్కడ గట్టిగా పలికే యాక్సెంట్ ఉందో తెలియలేదు.

అప్పుడు అక్కకి ఫోన్ చేశాను. వేరే దారిలేక కూడా, చెప్పాల్సింది చెప్పాలని కూడా. విశాఖలో ఉంటుంది, పిల్లలకి సంగీతం చెబుతుంది. క్యాసెట్ సంగతంతా చెప్పాను. వెతికిన సంగతి కూడా. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఎంతవరకు మిగిలిందిరా?" అంది. చరణం సగం నుంచి ఉందన్నాను. "పంపించు, రెండూ" అంది.

మర్నాడు సాయంత్రం తనే ఫోన్ చేసింది. నా లైన్‌ని తాళం వేస్తూ స్వరాల్లో పాడుతోంది. "స స , గ, పై స , ని ద, మ , గ మ, ప మ , స. ఇదేనా? ఒరేయ్, ఇది హిందోళంరా. నేను పొద్దున్న లేస్తే అదే పాడేదాన్ని కదా, నీ చెవిలో దూరిపోయింది."

నాకు నోట మాట రాలేదు. అప్పుడు నేను కీబోర్డు మీద బాగున్నవి నొక్కుకుంటూ పోయాననుకున్నాను. పక్క గదిలోంచి ఏళ్ల తరబడి వినబడ్డదే నా వేళ్లు వెతుక్కున్నాయి.

"పై షడ్జం నుంచి నిషాదానికి జారు ఉంది" అంది. "ఆ పంచమం నుంచి మధ్యమానికి ఇంకో జారు. నువ్వు విడివిడిగా కొడుతున్నావు. వీణ మీద మళ్లీ మీటకుండా వేలు జరిపితేనే జారు అవుతుంది. మీటావా, అది రెండు స్వరాలే."

303లో స్లయిడ్ అంటే అచ్చంగా అదే. స్లయిడ్ పెట్టిన స్వరం నుంచి తర్వాతిదానికి వెళ్లేటప్పుడు ఎన్వలప్, అంటే స్వరం లేచి తగ్గే తీరు, మళ్లీ మొదలవదు, మోగుతున్నదే మోగుతూ పిచ్ మాత్రం జరుగుతుంది. ఎంత దూరమైనా ఒకటే సమయం, సుమారు 60 మిల్లీసెకండ్లు. 125 స్పీడులో ఒక్కో గడి 120 మిల్లీసెకండ్లు కాబట్టి సగం గడి జారుడులోనే పోతుంది. ఎన్నో మాన్యువల్స్ చదివాను, ఎన్నో వీడియోలు చూశాను, కానీ ఈ విషయం నా చేతికి ఎక్కింది అక్క "మళ్లీ మీటకూడదు" అన్నప్పుడే. ఆ రెండు చోట్లా స్లయిడ్ పెట్టి ప్లే నొక్కితే నా ముందు పెట్టె ఒళ్లు విరుచుకుని లేచినట్టయింది.

యాక్సెంట్లు తర్వాత వాటంతటవే దొరికాయి. 303లో యాక్సెంట్ అంటే గట్టిగా కొట్టడమొక్కటే కాదు, ధ్వనిలో పై పౌనఃపున్యాల్ని కోసే ఫిల్టర్‌ని కూడా పైకి తోస్తుంది. వరుసగా పెడితే ముందుదాని వేడి పూర్తిగా దిగకముందే తర్వాతిది దానిమీద ఎక్కుతుంది. గ, మ, ప మూడింటికీ వరుసగా యాక్సెంట్ పెట్టి, ఆ కోత దగ్గరి ధ్వనిని పెంచే రెజొనెన్స్ నాబ్ ముప్పావు దాకా తిప్పితే సరిగ్గా టేపులోలాగే పంచమం దగ్గర కీచుమంది. అదే పాటకి శిఖరం.

అక్కకి అక్కడే అభ్యంతరం. "హిందోళంలో పంచమం ఎక్కడుందిరా? తీసెయ్." తీసేసి విన్నాను, గాంధారంతో నింపి విన్నాను, ఖాళీ వదిలి విన్నాను. రాగం నిలబడింది, పాట కూలింది. ఆ అన్యస్వరం దగ్గరే గదా ఆ కుర్రాడు గొంతు చించుకున్నది. ఉంచేశాను. అక్క ఒప్పుకోలేదు గానీ ఇంకోసారి అడగలేదు.

ఈ రాగాలు, ఈ యంత్రం కలవడం మాతో మొదలైంది కాదని కూడా ఆమెకి వినిపించాను. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లోనే, అంటే షికాగో రికార్డుకి ఐదేళ్ల ముందే, ఇదే 303నీ, 808నీ, జూపిటర్-8 సింథసైజర్‌నీ పెట్టుకుని పది రాగాలు డిస్కో బీట్ మీద రికార్డు చేశాడు. అప్పుడెవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాకే ప్రపంచం చెవి ఒగ్గింది. ముసలితనంలో విదేశాలు వెళ్లి వాయించాడు, 2015లో పోయాడు. అందులో భూపాలి ఉంది, మన మోహనం. మాల్కౌన్స్ ఉంది, మన హిందోళమే. అక్క అది రెండుసార్లు విని, "ఈయన జారు తెలిసి పెట్టాడు" అంది. ఆయన గురించి నేను చదివినవాటిలో ఏదీ నాకు ఇంత నచ్చలేదు.

రికార్డింగ్ ఒకే టేక్‌లో చేయాలనుకున్నాను. కంప్యూటర్‌లో నాబ్ కదలికలు గీసుకోవచ్చు, కానీ టేపులో వినిపించేది మౌస్‌తో ఒక్కో నాబ్ పట్టుకుని తిప్పిన చెయ్యి, దాని తొందర, దాని తడబాటు. ఎడమ చేత్తో ఫిల్టర్ ఎక్కడ కోయాలో చెప్పే కటాఫ్, కుడి చేత్తో రెజొనెన్స్, ఫిల్టర్ ఎంతసేపట్లో మూసుకోవాలో చెప్పే డికే. మొదటి రాత్రి హెడ్‌ఫోన్స్ నిండా జుయ్యిమనే హమ్. కేబుల్స్ మార్చాను, ప్లగ్గులు మార్చాను, పోలేదు. చివరికి ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపితే హమ్ మొత్తం పోయింది. ఈ పని మొదలుపెట్టేవాళ్లు ముందు అది చేసి చూడండి, నాకు రెండు రాత్రులు పోయాయి. పద్నాలుగో టేక్‌లో, నాలుగో నిమిషం దగ్గర కటాఫ్ బాగా మూసేసి, లైన్ గొణుగుడులా అయ్యాక మెల్లగా తెరుస్తుంటే మెడ మీద వెంట్రుకలు లేచాయి. ఆ పాసింజర్ రైలు కిటికీ దగ్గర కలిగిన దిగులే, ఇన్నేళ్లకి నా చేతుల్లోంచి వచ్చింది.

చివర్లో టేపులోని ఆ టక్ శబ్దాన్నీ, తర్వాత వచ్చే అక్క గొంతునీ అలాగే అతికించి ఆమెకి పంపాను.

మూడు రోజుల తర్వాత వాట్సాప్‌లో ఒక ఆడియో వచ్చింది. నేను చెరిపేసిన పల్లవి, అనుపల్లవి. ఫోన్‌కే పాడి పంపింది, వెనకాల గిన్నెల చప్పుడు, ఎవరో పిల్ల "టీచర్" అని పిలవడం కూడా ఉన్నాయి. "పాటకి ముందు పెట్టుకో, కానీ ఇప్పుడు ఐదున్నరకి పాడలేనురా, నాలుగున్నరే" అని కింద రాసింది.

నాలుగున్నర అంటే ఎఫ్ షార్ప్. నా లైన్ ఏ మీద ఉంది. తంబూరా యాప్ పెట్టుకుని, టీడీ-3 మీద ట్యూనింగ్ నాబ్‌ని కొద్దికొద్దిగా ఎడమకి తిప్పుతూ మూడు మెట్లు దింపి, దాని షడ్జాన్ని అక్క షడ్జం దగ్గరికి తెచ్చాను. రేపు రాత్రి పాట మొత్తం మళ్లీ మొదటినుంచి రికార్డు చేయాలి.