క్రూజర్‌కి కొత్త హ్యాండిల్: నా అనుభవం

నా క్రూజర్ బైక్ హ్యాండిల్ బార్‌ని పట్టి ఉంచే క్లాంప్ బోల్టులు నాలుగే. అవి విప్పి బిగించడం అరగంట పని. మిగతా రెండు రోజులూ కేబుళ్లకే సరిపోయాయి.

ముందు కొలతలు. బండిని ఒకరు నిటారుగా పట్టుకుంటే, సీటు మీద భుజాలు వదిలేసి కూర్చుని, కళ్లు మూసుకుని చేతులు చాచాను. పిడికిళ్లు పాత గ్రిప్పులకి 6 సెం.మీ. పైన, 4 సెం.మీ. వెనక ఆగాయి. చేతులు బాగా పైకెత్తి పట్టుకోవాల్సిన ఎత్తైన బార్, ఏప్ హ్యాంగర్ మీద మోజు అక్కడే వదిలింది. దాదాపు తిన్నగా ఉండే డ్రాగ్ బార్ అయితే ఇంకా ముందుకు వంగాలి, అదీ వద్దు. తర్వాత బార్ గొట్టం వ్యాసం: నా బండికి 22 మి.మీ., పెద్ద క్రూజర్లలో ఎక్కువగా 25.4. గ్రిప్పులు, లివర్లు, స్విచ్‌లు ఆ సైజుకే పడతాయి కాబట్టి లావు బార్ ఎంచుకుంటే అవన్నీ మార్చుకోవాలి.

బార్ పైకి, వెనక్కి జరిగితే క్లచ్, థ్రాటిల్ కేబుళ్లు, బ్రేక్ హోస్ (బ్రేక్ ఆయిల్ వెళ్లే గొట్టం), వైరింగ్ చాలవు. నేను హోస్ 10 సెం.మీ. పొడుగుది వేశాను. హోస్ చివరను బిగించే బాంజో బోల్టు దగ్గర రెండు వైపులా కొత్త రాగి వాషర్లు పెట్టాలి, పాతవి కారతాయి. బ్రేక్ ఆయిల్ మూత మీద డాట్ 4 అని ఉంటే అదే పోయాలి, సిలికాన్ రకం డాట్ 5 కలపకూడదు. డాట్ 4 చుక్క పడితే పెయింట్ లేచిపోతుంది. ట్యాంకు మీద మందపాటి గుడ్డ కప్పాను.

నా పొరపాటు ఒకటుంది. స్విచ్ బాక్సులో చిన్న పిన్ను ఉంటుంది, దానికి బార్‌లో రంధ్రం కావాలి. లివర్ కోణం కుదరకముందే డ్రిల్ చేశాను. స్విచ్ పక్కకి తిరిగిపోయి, బొటనవేలికి హారన్ అందలేదు. రెండో రంధ్రం వేస్తే బార్ బలం తగ్గుతుందని పిన్నునే అరగదీశాను. అది అంత మంచి పద్ధతి కాదు, స్విచ్ జారుతోందేమో అప్పుడప్పుడూ చూసుకోవాలి.

యాక్సెసరీల్లో తిప్పలు పెట్టింది ఎల్ఈడీ ఇండికేటర్లు. కరెంటు తక్కువ లాగడంతో బల్బు పోయిందనుకుని ఇండికేటర్లని వెలిగించి ఆర్పే పాత ఫ్లాషర్ గబగబా కొట్టుకుంటుంది. ఎల్ఈడీకి పనికొచ్చే ఫ్లాషర్ రిలే వేస్తే సరిపోయింది. ఫోన్ ఛార్జర్‌కి ఇగ్నిషన్‌తో పనిచేసే రిలే, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టాను. విండ్‌షీల్డ్ ఆఖరున బిగించాను, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి ట్యాంకుకి తగలడం లేదని చూశాకే.

బయలుదేరే ముందు ఇంజన్ ఐడిల్‌లో ఉంచి హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పాను. కుడికి తిప్పితే ఆర్‌పీఎం పెరిగింది, అంటే థ్రాటిల్ కేబుల్ ఎక్కడో లాగుతోంది. ఫోర్కు వెనక నుంచి దారి మార్చాక ఆగింది.