కడపలో స్లామ్‌కు పోయి బలి కవినైన కథ

స్లామ్ అంటే కవితలు చదివే పోటీ, వినడానికి వచ్చినోళ్లే మార్కులు వేస్తారు. ఆదివారం రాత్రి జరిగింది. ఇవాళ బుధవారం, కడుపుమంట ఇంకా తగ్గలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా.

పేరు ఇవ్వడం తేలికే. ఇన్‌స్టాగ్రామ్‌లో లింకు, ఒక ఫారం, ఫోన్‌పేలో 150 రూపాయలు, అయిపోయింది. రూల్స్ కూడా పంపారు. సొంత కవితే చదవాలి, మూడు నిమిషాలు, ఆపైన 10 సెకన్ల వెసులుబాటు, వాయిద్యాలు కుదరవు, నటించి చూపడానికి ఏ వస్తువూ వాడకూడదు. జడ్జీలు ఐదుగురు, వాళ్లనూ అక్కడికి వచ్చిన జనంలోంచే ఏరుతారు. ఒక్కొక్కరు 10కి ఇన్ని అని పలక మీద రాసి ఎత్తి చూపిస్తారు, అందులో అన్నిటికన్నా పెద్దదీ చిన్నదీ కొట్టేసి మిగతా మూడూ కూడతారు, మొత్తం 30కి. నేను టైల్స్ షాపులో లెక్కలు రాసేవాణ్ణి, ఇదంతా చిటికెలో బుర్రకెక్కింది.

రూల్స్‌లో లేనిది ఒకటి ఫోన్‌లో వచ్చింది. శనివారం సాయంత్రం ఒక పిల్లోడు ఫోన్ చేసి "అన్నా, శాక్రిఫైస్‌గా మీరు ఫస్ట్ వస్తారా?" అన్నాడు. షాపు ముందర లారీలోంచి లోడు దిగుతోంది, గోలగోలగా ఉంది, శాక్రిఫైస్, ఫస్ట్ అన్న రెండు మాటలే నా చెవిన పడ్డాయి. ముందు పోవడానికి ఎవరూ ఒప్పుకోలేదేమో, కాస్త త్యాగం చేయమంటున్నాడు అనుకుని "సరే తమ్ముడూ, దాందేముంది" అన్నా. అంతటితో ఊరుకున్నానా? అందరికన్నా ముందు నన్నే పిలుస్తున్నారని ఇంట్లో గొప్పలు చెప్పుకున్నా. దాంతో ఆదివారం ఏడురోడ్ల దగ్గరున్న ఆ కాఫీ షాపు మేడ మీదికి మా ఆవిడ, మా అత్త, వీడియో తీయడానికి బావమరిది, అందరూ దిగారు.

నేను చదివింది కరువు మీద కవిత. మూడు నెలలు అద్దం ముందు నిలబడి సాధన చేసింది. ఒక్క అక్షరం తడబడలేదు, ఆ మాట ఎవరి ముందైనా చెప్తా. పలకలు లేచాయి: 5.5, 6.2, 6.0, 4.0, 7.1. ఆ నాలుగు వేసింది ఎవరో డిగ్రీ పిల్ల, ఐస్‌క్రీమ్ తింటూ వేసింది. కొట్టివేతలు పోను 17.7. "ముప్పైకి పదిహేడంటే పాసే గదా నాయనా" అంది మా అత్త.

అప్పుడు యాంకర్ మైకులో "మన శాక్రిఫైస్ పొయెట్‌కి గట్టిగా చప్పట్లు! ఇక అసలు పోటీ మొదలు" అన్నాడు.

అసలు పోటీ ఏంది? నేను చదివింది ఏంది? పోయి అడిగితే అప్పుడు చెప్పాడు. స్లామ్‌లో పోటీతో సంబంధం లేకుండా ఒకరు మొదట చదువుతారట, జడ్జీలకు చేయి కుదరడానికి. ఆ మనిషే శాక్రిఫైస్ పొయెట్, అంటే బలి కవి. ఆ మార్కులు లెక్కలోకి రావు. చాలా చోట్ల ఇదే పద్ధతట. "ఫోన్‌లో అడిగాం కదన్నా, మీరు ఓకే అన్నారు" అన్నాడు. జాతరలో పొట్టేలు తల మీద నీళ్లు చల్లుతారు, అది ఒళ్లు విదిలిస్తే బలికి ఒప్పుకున్నట్టు. నేను ఫోన్‌లో విదిలించింది అదేనట. ఈ పోలిక నాది కాదు, మా ఆవిడది, అదీ అందరూ వింటుండగా. బావమరిది వీడియో ఆపనేలేదు.

మరి పోటీలో లేనోడి దగ్గర 150 ఎందుకు తీసుకున్నారు? దీనికి మాత్రం జవాబు లేదు. మెట్ల దగ్గర పావుగంట వాదించా. చివరికి ప్రొద్దుటూరు నుంచి రావాల్సిన ఒకాయన రాలేదని ఆ ఖాళీలో నన్ను వేశారు. చదివిన కవిత మళ్లీ చదవకూడదు అన్నారు.

నా వంతు వచ్చేదాకా కూర్చుని చూస్తే ఇంకోటి అర్థమైంది. పొద్దుపోయే కొద్దీ మార్కులు పెరుగుతాయి. నాకు నాలుగు వేసిన పిల్లే ఎనిమిదో కవికి 9 వేసింది. ఆయనదీ కరువే, ఆయనదీ ఎండిన శనక్కాయ చేనే! కాబట్టి మొదటి మూడు నంబర్లలో మీ పేరుంటే కడుపునొప్పి అని చెప్పి కిందికి పోయి టీ తాగి రండి. కరువు కవిత కూడా ఇంట్లో పెట్టి రండి, ఆ రాత్రి పదకొండు మందిలో ఆరుగురిది అదే, నాతో కలిపి.

వీళ్లకు కవిత్వం ఏం తెలుసని గొణుక్కుంటుంటే పక్కన కూర్చున్న రిటైర్డ్ తెలుగు పండితుడు అందుకున్నాడు. అవధానంలో పృచ్ఛకులంతా చదువుకున్నవాళ్లే, ఇక్కడ కావాలనే మామూలోళ్లను కూర్చోబెడతారు అన్నాడు. 1986లో షికాగోలో దీన్ని మొదలుపెట్టిన మార్క్ స్మిత్ భవన నిర్మాణ పనులు చేసినవాడట. అది విని కొంచెం మెత్తబడ్డా. మా నాయన ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల గనిలో పని చేశాడు మరి. పైగా ఒక ఉగాది కవి సమ్మేళనానికి పొద్దున పదికి పోతే ఉపన్యాసాలు, శాలువాలు అయ్యేసరికి రెండు దాటింది, నన్ను నాలుగు లైన్లు చదివి దిగమన్నారు. ఇక్కడ ఎంత లేదన్నా మూడు నిమిషాలు నావి.

రెండోసారి చదివింది నాయన మీద. ఎప్పుడూ సాధన చేయలేదు, ఫోన్లో రాసి పెట్టుకున్నది. 7.8, 8.1, 8.4, 6.0, 9.5. కూడితే 24.3. తొమ్మిదిన్నర ఎవరు వేశారనుకున్నారు, ఆ పిల్లే. కానీ నేను 3 నిమిషాల 24 సెకన్లు తీసుకున్నా. వెసులుబాటు దాటాక ప్రతి 10 సెకన్లకూ అర మార్కు కోత, నాకు మొత్తం ఒక మార్కు పోయింది. 23.3. రెండో రౌండుకు పోయిన చివరి మనిషికి 23.9.

వీడియోలో చూశా, ఎక్కడ పోయిందో. నాయన వేళ్ల గురించి వచ్చేచోట గొంతు పట్టుకుంది, అక్కడే పదిహేను సెకన్లు ఊరికే నిలబడిపోయా.

నా 150 ఇంకా వెనక్కి రాలేదు. అడిగితే వచ్చే నెల ఎంట్రీకి సర్దుతాం అన్నారు. సరే అన్నా, కానీ ఈసారి నాది ఎన్నో నంబరో ముందే వాట్సాప్‌లో రాసి పంపమన్నా.